కుడి చెయ్యి అక్కది, ఎడమ చెయ్యి నాది

మా ఇంట్లో ఒక క్యాసియో కీబోర్డు ఉంది. ఉంది అంటే ఇప్పుడు నేనున్న జోధ్‌పూర్ క్వార్టర్‌లో లేదు, విజయనగరంలో అమ్మమ్మ ఇంట్లో ఉంది. అది అక్కడికి ఎలా చేరిందో చెప్పాలంటే షిల్లాంగ్ నుంచి మొదలుపెట్టాలి.

నాన్న ఎయిర్ ఫోర్స్‌లో టెక్నీషియన్. నేను నాలుగో తరగతిలో, అక్క ఏడో తరగతిలో ఉండగా బీదర్ నుంచి షిల్లాంగ్‌కి బదిలీ అయింది. బదిలీ ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివే మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. నల్ల ట్రంకు పెట్టెలు, వాటి మీద తెల్ల రంగుతో నాన్న పేరు, నంబరు, పాత ఊరి పేరు కొట్టేసి కొత్త ఊరి పేరు. ఎవరైనా బదిలీ అయి వెళ్తుంటే వాళ్ల గ్యాస్ స్టాండూ, పూలకుండీలూ, సైకిలూ పక్క క్వార్టర్ల వాళ్లు తక్కువ ధరకు కొనుక్కోవడం కూడా మీకు తెలుసు. మా కీబోర్డు అలా వచ్చిందే. మేము వెళ్లిన నెలకే పై క్వార్టర్ వాళ్లు వెళ్లిపోతూ కీబోర్డు, ఒక రూమ్ హీటర్, రెండు బకెట్లు కలిపి నాన్నకి 4,500 రూపాయలకు ఇచ్చారు. నాన్న కొన్నది హీటర్ కోసం. షిల్లాంగ్ చలి అలాంటిది.

దానికి 61 మెట్లు. తెల్లవి 36, నల్లవి 25. కరెంటు లేకపోతే ఆరు లావుపాటి బ్యాటరీలు వేసుకోవచ్చు. షిల్లాంగ్‌లో వాన మొదలైతే కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి ఆ బ్యాటరీల గురించి మా ఇంట్లో చాలా గొడవలు జరిగాయి.

అక్కకి సంగీతం నేర్పించాలని అమ్మకి మొదటి నుంచీ ఉండేది. అమ్మమ్మ విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుంది. ఘంటసాల గారు, సుశీల గారు చదివిన కాలేజీ అది. అమ్మమ్మ ఎవరితో మాట్లాడినా అయిదో నిమిషానికి ఆ మాట వస్తుంది. అయితే షిల్లాంగ్‌లో కర్ణాటక సంగీతం నేర్పేవాళ్లు మాకు దొరకలేదు. దొరికింది కాంగ్. మా క్యాంపు గేటు దాటి కిందికి దిగితే పైన్ చెట్ల మధ్య ఆమె ఇల్లు. ఖాసీ భాషలో కాంగ్ అంటే మనం అక్కా అన్నట్టు, పెద్ద ఆడవాళ్లని గౌరవంగా పిలిచే మాట. ఆవిడకి మా అమ్మమ్మ వయసు ఉంటుంది. అయినా అందరికీ కాంగే.

కాంగ్ ఇంట్లో ఉన్నది అసలు పియానో. గోడకి ఆనించి నిలబెట్టిన, అలమరలాంటి పాత పియానో. దానికి 88 మెట్లు ఉంటాయని మొదటి రోజే లెక్కపెట్టాను. 52 తెల్లవి, 36 నల్లవి. అది కాంగ్ వాళ్ల అమ్మమ్మ వాయించినది. ఖాసీ వాళ్లలో ఇల్లు చిన్న కూతురికి వస్తుంది. ఇంటితోపాటు పియానో కూడా చిన్న కూతురి నుంచి చిన్న కూతురికి వస్తూ కాంగ్ దాకా వచ్చింది. అన్నేళ్లలో అది ఆ గది దాటలేదు. మాకు ఇది భలే వింతగా అనిపించింది. మా ఇంట్లో మంచం కూడా మూడు సార్లు కంటే ఎక్కువ ఒకే గోడ దగ్గర ఉండలేదు.

ఒకసారి కాంగ్ పియానో పై మూత తీసి లోపల చూపించింది. మెట్టు నొక్కితే చివర ఉన్ని చుట్టిన చిన్న చెక్క సుత్తి లేచి తీగను కొట్టి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. చాలా స్వరాలకు ఒక్కో దానికి మూడేసి తీగలు. లావు స్వరాలకు రెండు, ఇంకా కిందికి పోతే ఒక్కటే. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకడం దీని గొప్ప. ఇటలీలో క్రిస్టోఫోరీ అనే ఆయన 1700 ప్రాంతంలో దీన్ని చేశాడట. మెల్లగా, గట్టిగా అనే రెండు ఇటాలియన్ మాటలు కలిపి పెట్టిన పేరులోంచి మెల్లగా ఒక్కటే మిగిలి పియానో అయింది. లోపల ఇంకో వస్తువు కూడా ఉంది, ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న బల్బు. షిల్లాంగ్ చెమ్మకి తీగలు తుప్పు పట్టకుండా, చెక్క ఉబ్బకుండా ఆ వేడి కాపాడుతుంది. మా ఇంట్లో అమ్మ బట్టలు ఆరేసేది హీటర్ ముందు, కాంగ్ పియానోకి బల్బు. రెండూ ఒకటే అని నేనంటే అక్క నా తొడ గిల్లింది.

నిజానికి నేను నేర్చుకోడానికి వెళ్లలేదు. సాయంత్రం చీకటి త్వరగా పడుతుంది కాబట్టి అక్కకి తోడుగా పంపేవారు. ఫీజు ఒక్కరికే. నేను ముక్కాలి పీట మీద కూర్చుని కాంగ్ పెట్టే నారింజ తొనలు తినేవాణ్ణి. మూడో వారమో నాలుగో వారమో, అక్క కుడి చేత్తో వాయిస్తుంటే, ఎడమ చేత్తో వాయించాల్సిన స్వరాలు నేను నోటితో అంటున్నానని కాంగ్ గమనించింది. లేపి పియానో దగ్గర బల్ల మీద అక్కకి ఎడమ పక్కన కూర్చోబెట్టింది. ఇద్దరికీ ఫీజు ఇవ్వలేమని అక్క భయంగా చెప్పింది. అమ్మ అలా చెప్పమంది మరి. కాంగ్ నవ్వి, ఈమె కుడి చెయ్యి, వీడు ఎడమ చెయ్యి, ఇద్దరూ కలిసి ఒక్కరే కదా, ఒక్క ఫీజు చాలు అంది.

అలా మాకు చేతులు పంచారు.

పాట అక్కది. నాది కింద నడిచేది. స, ప, గ, ప. చిటికెన వేలు, బొటనవేలు, నడి వేలు, బొటనవేలు. పాట మారితే స, ద, మ, ద. మళ్లీ మొదటికి. నాలుగేళ్లలో నేను చేసిన పని చాలావరకు ఇదే. ఎడమ చెయ్యి నడక, కుడి చెయ్యి మాట అనేది కాంగ్. నడక తడబడితే మాట పడిపోతుంది.

కాంగ్ మాకు నేర్పిన అయిదు గీతల రాత నాకు ఎక్కలేదు. అందుకని అక్క ఒక నోటుపుస్తకంలో పాటలన్నీ స రి గ మల్లో రాసేది. పై స్థాయికి అక్షరం మీద చుక్క, కింది స్థాయికి అక్షరం కింద చుక్క, వేళ్ల నంబర్లు పక్కన. అక్క రెండో తరగతి దాకా అమ్మమ్మ దగ్గర చదివింది, నాన్న అప్పుడు కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేని చోట ఉండేవారు. అందుకే అక్కకి తెలుగు రాయడం వచ్చు. నాకు రాదు. బళ్లో హిందీ, సంస్కృతం, ఇంగ్లీషు, ఇంట్లో మాట్లాడే తెలుగు, అంతే. అక్క నోటుపుస్తకం చదవాలంటే తెలుగు అక్షరాలు రావాలి. నేను అ ఆ ఇ ఈలతో మొదలుపెట్టలేదు. నా మొదటి ఏడు అక్షరాలు స, రి, గ, మ, ప, ద, ని. రి, ని వల్ల గుడి తెలిసింది. ఆ తర్వాత పాటల పేర్లు చదవడానికి మిగిలినవి నేర్చుకున్నాను. ఈ వ్యాసం నేను తెలుగులో రాస్తున్నానంటే దానికి ఆ నోటుపుస్తకమే కారణం. తప్పులు అమ్మ దిద్దింది.

ఇంటి దగ్గర కీబోర్డు పెద్ద ట్రంకు పెట్టె మీద ఉండేది. మోకాళ్లు పెట్టుకోడానికి చోటు లేక పక్కకి తిరిగి కూర్చునేవాళ్లం. మా కీబోర్డులో ఎంత మెల్లగా నొక్కినా, ఎంత గట్టిగా నొక్కినా ఒకటే మోత. అందుకని వారమంతా ఇంట్లో వాయించి శనివారం కాంగ్ దగ్గరికి వెళ్తే ఆవిడ చెవులు మూసుకునేది. తలుపు కొడుతున్నారా, పాట వాయిస్తున్నారా అని అడిగేది.

ఒక శనివారం వాన ఆగక అక్కడే ఉండిపోయాం. అప్పుడు కాంగ్ మోత్సార్ట్ కథ చెప్పింది. మోత్సార్ట్‌కి ఒక అక్క ఉంది. అసలు పేరు మరియా అన్నా, ఇంట్లో నానెర్ల్. ఆమె 1751లో పుట్టింది, తమ్ముడు 1756లో. నాన్న ఆమె కోసం 1759లో ఒక సంగీతం నోటుపుస్తకం పెట్టాడు. ఆమె నేర్చుకుంటుంటే పక్కన చేరి తమ్ముడు కూడా అదే పుస్తకంలోంచి నేర్చుకున్నాడు. అయిదో పుట్టినరోజుకి ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకి అరగంటలో ఒక పాఠం నేర్చేసుకున్నాడని నాన్న ఆ పుస్తకంలోనే రాసిపెట్టాడు. 1763లో ఇద్దర్నీ గుర్రపు బండిలో ఎక్కించుకుని యూరప్ అంతా తిప్పాడు. మూడేళ్లకు పైగా ఊళ్లు తిరుగుతూనే ఉన్నారు. ఈ మాట వినగానే నాకు వాళ్లు మా క్యాంపు పిల్లల్లాగే అనిపించారు.

నాకు ఆ అరగంట సంగతి బాగా నచ్చింది. అక్క మాత్రం, తర్వాత ఆ అక్క ఏమైంది అని అడిగింది.

కాంగ్ చెప్పింది. 1769 చివర్లో నాన్న కొడుకుని ఇటలీ తీసుకెళ్లాడు. అప్పటికి నానెర్ల్‌కి 18 ఏళ్లు. ఆమెని, అమ్మని ఇంటి దగ్గర ఉంచేశాడు. తర్వాత ఆమె ఊళ్లో పిల్లలకు పియానో పాఠాలు చెప్పింది. అక్క ఇంకేం అడగలేదు. ఇంటికి వచ్చేటప్పుడు గొడుగు మొత్తం నా వైపే పట్టింది, తను తడిసింది. అది కోపమో ప్రేమో నాకు ఇప్పటికీ తెలీదు.

అక్క పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాదే జోధ్‌పూర్‌కి ఆర్డర్ వచ్చింది. అక్క డాక్టర్ చదవాలనుకుంటోంది. రెండేళ్ల మధ్యలో మళ్లీ ఊరు మారితే చదువు పాడవుతుందని, విజయనగరంలో అమ్మమ్మ దగ్గర ఉండి ఇంటర్ చదవాలని నిర్ణయించారు. అక్క ఒప్పుకుంది. పెట్టెలు సర్దుతున్న రోజు కీబోర్డు సంగతి వచ్చింది. అది ఏ పెట్టెలోకి?

నాన్న అర నిమిషం కూడా ఆలోచించలేదు. అక్కకి రెండేళ్లు చదువు తప్ప ఇంకోటి వద్దు, తమ్ముడితో పోనీ అన్నారు. అక్క సరే నాన్నా అంది. బొంతలో చుట్టి తనే పెట్టెలో పెట్టింది. నోటుపుస్తకం కూడా అందులోనే పెట్టేసింది.

నాకు సంతోషం వేసింది. దాచడం ఎందుకు, నిజంగానే సంతోషం వేసింది. ఇంక కుడి వైపు కూడా నాదే. తన మోచెయ్యి నా పక్కలో గుచ్చుకోదు. బ్యాటరీలన్నీ నావే. నానెర్ల్ కథ నాకు అప్పుడు గుర్తు రాలేదు.

జోధ్‌పూర్‌లో ట్రంకు పెట్టె తెరిచి, కీబోర్డు బయటికి తీసి, కుర్చీ వేసుకుని మధ్యలో కూర్చున్నాను. ఎడమ చెయ్యి దానంతటదే నడిచింది. కుడి చెయ్యి ఊరికే ఉండిపోయింది. నాలుగేళ్లు ప్రతి పాట పక్కనే విన్నాను, నోటితో పాడగలను. కానీ వేళ్లకి తెలీదు. నోటుపుస్తకం చూసి ఒక్కో అక్షరం నొక్కితే వస్తుంది, రెండో చెయ్యి కలిపితే రెండూ ఆగిపోతాయి.

ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా ఉంటే సరిపోయేది. కొత్త బళ్లో మొదటి వారం, నీకేం వచ్చు అని అడిగితే పియానో అన్నాను. ప్రతి కొత్త బళ్లోనూ అందరం ఏదో ఒకటి చెప్తాం కదా, లేకపోతే ఏడాదంతా కొత్తవాడు అనే పేరే ఉంటుంది. ఆ శనివారం ప్రార్థనలో వాయించమన్నారు. ఇంటి నుంచి నాన్న స్కూటర్ మీద కీబోర్డు తెచ్చారు. మైకు పెట్టారు. నేను స, ప, గ, ప మొదలుపెట్టాను. బాగానే వచ్చింది. అందరూ పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నారు. స, ద, మ, ద. మళ్లీ స, ప, గ, ప. రెండు నిమిషాలు అలాగే వాయించి లేచి నమస్కారం పెట్టాను. కొంచెం ఆలస్యంగా చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒకడు, గాడీ స్టార్ట్ హుయీ, చలీ నహీఁ అన్నాడు. బండి స్టార్ట్ అయింది కానీ కదల్లేదని. చాలా నెలలు నా పేరు గాడీయే.

ఆదివారం ఫోన్లో అక్కకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కీబోర్డు దగ్గర పెట్టుకుని నేర్చుకోలేవా అంది. గొంతు చిన్నగా ఉంది. అప్పుడు అడిగాను, నువ్వు అక్కడ ఏం వాయిస్తున్నావు అని. చదువుకునే బల్ల అంచు మీద వాయిస్తున్నాను, చప్పుడు రాదు కాబట్టి ఎవరూ ఏమనరు అంది. ఆ రాత్రి నాకు ఇటలీ ప్రయాణం గుర్తొచ్చింది.

తర్వాతి ఆదివారం అమ్మమ్మే ఫోన్ తీసుకుంది. "ఏట్రా, మీ అక్క బల్ల మీద టకటకలాడిస్తోంది, ఏటని అడిగితే చెప్పదేం?" అంది. నేను చెప్పేశాను. అమ్మమ్మ అటక మీంచి పాత హార్మోనియం దింపించింది. మీ నాన్నకి నే చెప్తాలే, రోజుకి పావుగంట సంగీతానికి చదువేం పోదు, అంది. నాన్న అమ్మమ్మకి ఎదురు చెప్పరు. అమ్మ చెప్తుంది కానీ ఆ రోజు చెప్పలేదు.

మీలో హార్మోనియం చూసినవాళ్లకి ఇబ్బంది ఏంటో ఈపాటికి తట్టి ఉంటుంది. దాని తిత్తి ఎడమ చేత్తో ఊదాలి. వాయించడానికి కుడి చెయ్యి ఒక్కటే మిగులుతుంది. అంటే అక్కకి అక్కడ కుడి చెయ్యే, నాకు ఇక్కడ ఎడమ చెయ్యే. షిల్లాంగ్‌లో ఎలా ఉన్నామో అలాగే, మధ్యలో దేశం అడ్డం.

ఫోన్ స్పీకర్లో పెట్టి కలిపి వాయిద్దాం అనుకున్నాం. కుదరదు. నా స్వరం తనకి చేరడానికి కొంచెం ఆలస్యం, తనది నాకు చేరడానికి ఇంకొంచెం. తను నా కోసం ఆగుతుంది, ఆగిందని నేను తన కోసం ఆగుతాను. పాట నెమ్మదించి నెమ్మదించి చివరికి ఆగిపోతుంది. మూడు ఆదివారాలు అలా ఆగిపోయాక, అక్క తన పాట ఫోన్లో రికార్డు చేసి పంపడం మొదలుపెట్టింది. దాని పక్కన నేను వాయిస్తే ఆలస్యం ఉండదు.

అప్పుడు ఇంకో చిక్కు. అక్క హార్మోనియం స, నా కీబోర్డు స ఒకటి కాదు. రెండూ కలిస్తే పళ్లు జివ్వుమనేవి. నాన్న ఇంటికి వచ్చి విని, ఇది రెండు ఇంజిన్లు వేరే వేరే వేగంతో తిరుగుతున్నట్టుంది అన్నారు. కీబోర్డులో ట్యూనింగ్ అని ఒక ఏర్పాటు ఉంటుందని మేము నాలుగేళ్లలో చూడలేదు. మామూలుగా మధ్య స్థాయిలో ద అనే తెల్ల మెట్టు సెకనుకి 440 సార్లు కంపించేలా పెట్టి ఉంటుంది. దాన్ని ఒక్కొక్కటిగా దించుతూ వచ్చాం. 436 దగ్గర జివ్వుమనడం ఆగింది. నాన్న రికార్డింగ్ మొత్తం విన్నారు. మళ్లీ పెట్టమన్నారు. కుడి చెయ్యి ఎవరిదో అడగలేదు, తెలుసు.

జోధ్‌పూర్ ఇసుక సంగతి కూడా చెప్పాలి. శీతాకాలం వచ్చేసరికి మధ్యలో మూడు మెట్లు పలకడం మానేశాయి. నాన్న సెలవు రోజు చూసి స్క్రూలన్నీ విప్పారు. పియానోలో సుత్తులుంటాయి కానీ కీబోర్డులో మెట్టు కింద రబ్బరు బుడిపెలు ఉంటాయి. నొక్కితే బుడిపె అడుగున ఉన్న నల్లటి ముక్క పలక మీది గీతల్ని కలుపుతుంది, అప్పుడు మోత వస్తుంది. మధ్యలో ఇసుక చేరితే కలవదు. నాన్న స్పిరిట్‌తో మెత్తగా తుడిచారు, నేను స్క్రూలు వరసగా కాగితం మీద పెట్టాను. ఇసుకతో పాటు రెండు బిస్కెట్ ముక్కలు, ఒక చెవి దుద్దు మరా, ఒక పైన్ ఆకు దొరికాయి. ఎండి సూదిలా ఉంది. మరా అక్కకి పోస్టులో పంపాం. ఆకు నోటుపుస్తకంలో పెట్టుకున్నాను.

వేసవి సెలవులకి విజయనగరం బయల్దేరేటప్పుడు, కీబోర్డు తీసుకెళ్దామని నేనే అన్నాను. రెండు రైళ్లు మారాలి, సామాను ఎక్కువ అని అమ్మ వద్దంది. నాన్న మాట్లాడకుండా బొంతలో చుట్టడం మొదలుపెట్టారు. రైల్లో అది పై బెర్తు మీద పడుకుంది, నేను దాని కాళ్ల దగ్గర పడుకున్నాను.

అమ్మమ్మ ఇంట్లో మొదటి సాయంత్రం అక్క కుడి పక్కన, నేను ఎడమ పక్కన కూర్చుని షిల్లాంగ్‌లో మొట్టమొదట నేర్చుకున్న ట్వింకిల్ ట్వింకిల్ వాయించాం. చిన్నపిల్లల పాటే, కానీ మోత్సార్ట్ ఆ వరసని 12 రకాలుగా మార్చి రాశాడని కాంగ్ చెప్పింది కాబట్టి మాకు దాని మీద గౌరవం ఉండేది. రెండో వరసకి అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి దానికే సంస్కృతంలో పాడేసింది. మేము ఆపేశాం. "ఆపీసేరేటి? వాయించండి," అంది.

అది ముత్తుస్వామి దీక్షితుల శ్యామలే మీనాక్షి. ఆయన చిన్నతనంలో మద్రాసు దగ్గర మణలిలో ఉండేవారట. అప్పుడు ఆయనా, తమ్ముడు బాలుస్వామి దీక్షితులూ సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషు బ్యాండు విన్నారు. తమ్ముడు ఆ వయొలిన్ చూసి నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. అన్న ఆ బ్యాండు వరసలకి సంస్కృతంలో మాటలు కట్టాడు. వాటిని నోట్టుస్వరాలు అంటారు, దాదాపు 40 ఉన్నాయి. అన్నీ శంకరాభరణం స్వరాల్లోనే, అంటే కీబోర్డు మీద తెల్ల మెట్లే. ఇంగ్లీషు వాళ్లు రాజుగారికి పాడే పాట వరసకి కూడా ఆయన మాటలు కట్టారు. కాలేజీలో చిన్నపిల్లలకి మేమే చెప్పీవోళ్లం, మీరేదో షిల్లాంగ్ నించి తెచ్చారనుకుంటున్నారు, అంది అమ్మమ్మ.

ఆ తర్వాత అమ్మమ్మ మాకు పరీక్ష పెట్టింది. సరళీ స్వరాలు వాయించమంది. మనవాళ్లు మొదట నేర్పేది మాయామాళవగౌళ. అందులో రి, ద దగ్గర నల్ల మెట్లు నొక్కాలి. అక్క సులువుగానే పట్టుకుంది. అమ్మమ్మ కాసేపు విని పెదవి విరిచింది. స్వరం కర్రలాగ నిలబడిపోతోంది, ఊగదేం అంది. నిజమే, మెట్టు నొక్కితే ఒక్కటే చోట పలుకుతుంది. గొంతులా, వీణ తీగలా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారదు, గమకం రాదు. కాంగ్ దగ్గర గొప్పగా కనిపించిన పియానోకి రాని పని ఒకటి ఉందని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు అక్క ఒంటరిగా రెండు చేతులతో వాయించడానికి కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. కుడి చెయ్యి బాగుంది, ఎడమ చెయ్యి రాదు. వెనక్కి తిరిగి నన్ను చూసి, ఒరేయ్, నీ చెయ్యి నేర్పు అంది. అక్క నన్ను ఏదైనా నేర్పమని అడగడం అదే మొదటిసారి. ఆ నెలంతా పొద్దున్న ఆరుకి, అక్క కోచింగ్‌కి వెళ్లేలోపు అరగంట, నేను దానికి ఎడమ చెయ్యి, అది నాకు కుడి చెయ్యి. నాకు నేర్పే ఓపిక లేదని అక్క అంది. తన వేళ్లు కొయ్యలని నేనన్నాను. రెండు సార్లు మాటలు మానేశాం. ఒకసారి అమ్మమ్మ ఇద్దర్నీ బయటికి పొమ్మని తలుపు వేసుకుంది.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు నాన్న బొంత తీశారు. నేను కీబోర్డు ఇక్కడే ఉండనీ నాన్నా అన్నాను. చెప్పేటప్పుడు గొంతు సరిగ్గా రాలేదు, ఎందుకంటే లోపల వద్దు అని కూడా ఉంది. అక్క ద్వితీయ సంవత్సరం కదా అన్నారు నాన్న. అక్క అప్పుడు మొదటిసారి తన తరఫున తను మాట్లాడింది. రోజుకి అరగంట, మార్కులు తగ్గితే మీరే వచ్చి పట్టుకెళ్లండి నాన్నా అంది. నాన్న అక్క వైపు చూశారు, అమ్మమ్మ వైపు చూశారు, బొంత మడత పెట్టేశారు.

ఇప్పుడు నేను తొమ్మిదో తరగతి. జోధ్‌పూర్ ఇంట్లో పెద్ద ట్రంకు పెట్టె మీద అమ్మ ఇస్త్రీ బట్టలు పెడుతోంది. బళ్లో సంగీతం గదిలో ఒక హార్మోనియం ఉంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇరవై నిమిషాలు వాయించుకోనిస్తారు. ఎడమ చేత్తో తిత్తి ఊదుతాను, కుడి చేత్తో పాట. గాడీ కదిలిందిరా అని ఆ వెనక వరస వాడే అన్నాడు, ఇప్పుడు వాడు తబలా పట్టుకుని వస్తున్నాడు.

కీబోర్డు అక్క దగ్గర ఉంది కాబట్టి ఎడమ చెయ్యి రికార్డు చేసి పంపే పని ఇప్పుడు తనది. మొదటిది పోయిన ఆదివారం వచ్చింది. స, ప, గ, ప బాగానే ఉంది. స, ద, మ, ద దగ్గర ప్రతిసారీ చిన్న తడబాటు. రెండు సార్లు విని ఫోన్ చేశాను. మ మీద మూడో వేలు వేస్తున్నావు అక్కా, రెండో వేలు వెయ్యాలి అన్నాను. అటు నుంచి కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత మెట్ల చప్పుడు, స, ద, మ, ద, ఈసారి తడబడకుండా. సరే, నువ్వు తిత్తి మెల్లగా ఊదు, నీ పాట వెనకాల బస్సు వెళ్తున్నట్టుంది అంది అక్క.